పాశ్చాత్య కళాచరిత్ర – మన పిల్లల చూపు

మేము కళావేత్తలము కాము. ఎస్సెస్సెల్సీతో చదువు ముగించి, ముప్పదియేండ్లకు పైగా దస్త్రములలో తలదూర్చి, ఇప్పుడు విశ్రాంతి గైకొన్న గుమాస్తాలము. అట్టి మేము పాశ్చాత్య కళాచరిత్రను గూర్చి వ్రాయబూనుటకు కారణము కాట్పాడిలో మా వీధి విద్యార్థిని యొకతె వేసిన ప్రశ్న.

ఆ పిల్ల గుడియాత్తములోని నేతవారి బిడ్డ. మేనత్త యింట నుండి చిత్రకళా విద్యాలయ ప్రవేశ పరీక్షకు చదువుచున్నది. ఒకనాటి సాయంకాలము ఇంగ్లీషు పుస్తక మొకటి తెచ్చి, పాఠము అప్పగించుకొమ్మనెను. గ్రీసు, రోము, గోథికు, రినైసాన్సు, బరోకు, ఇంప్రెషనిజము, క్యూబిజము – ఎక్కడను తడబడక, సంవత్సరములతో సహా చెప్పెను. తుదకు పుస్తకము మూసి, “తాతా, ఇందులో ఇన్ని బొమ్మలున్నాయి. మనది ఒక్కటీ లేదే?” అని యడిగెను.

ఆ పూట మేము బదులు చెప్పలేకపోతిమి. ఈ వ్యాసమే ఆ బదులు.

విద్యార్థులకై వ్రాసిన ఇట్టి ప్రవేశ గ్రంథములలో మాకు కనబడిన మొదటి లోపము, అవి కళను నిచ్చెనవలె నిలుపుట. క్రింది మెట్టున ఒక యుగము, పై మెట్టున మరియొక యుగము. పేరు, తేదీ, ఊరు కంఠస్థమైనచో మెట్టెక్కినట్లే. కాని చిత్రకారుడు మెట్టెక్కుటకై బొమ్మ వేయడు. అతనికొక చిక్కు వచ్చును. దానిని చేతితో విప్పుకొనును. ఆ చిక్కేదో తెలిసినప్పుడే చరిత్ర బోధపడును.

మన ఊరి ఉదాహరణమే చూతము. కాట్పాడి జంక్షనులో ప్లాట్‌ఫారము చివర నిలిచి చూచిన, సరిసమానముగా సాగిపోవు పట్టాలు దూరమున ఒక్క బిందువున కలిసినట్లు తోచును. అవి కలియవని పట్టాల పనివానికి తెలియును, బండి నడుపువానికి తెలియును. కంటికి మాత్రము కలిసినట్లే యుండును. ఈ కంటిమాయను కొలతకు లొంగదీసినవారు ఇటలీలోని ఫ్లారెన్సు నగరమువారు. పదునైదవ శతాబ్ది మొదట బ్రూనెల్లెస్కి అను వాస్తుశిల్పి దీనిని చేసి చూపగా, 1435లో ఆల్బెర్టి దీని సూత్రములను గ్రంథస్థము చేసెను. ఆ మధ్యకాలముననే మసాచ్చో అను యువకుడు సాంటా మరియా నొవెల్లా దేవళపు గోడపై ఒక మంటపమును చిత్రించెను. చదునైన గోడ లోనికి తొలిచినట్లు కనబడును. ఈ దూరపు చూపు తరువాత నాలుగు వందల యేండ్లకు పైగా ఐరోపా చిత్రమునకు ఆధారమైనది.

రెండవది నూనె రంగు. 1434 నాటికే ఫ్లాండర్సు చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ దీనిని సాధించియుండెను. నూనె మెల్లగా ఆరును గనుక పొరపై పొర పూయవచ్చును. పట్టు నిగనిగను, నగ తళుకును, చర్మపు మృదుత్వమును వేరువేరుగా చూపవచ్చును.

ఇవి యెక్కడి సంగతులో అని పాఠకులు తలంపవలదు. మీ పూజగదికి పొండు. తామరపువ్వుపై నిలిచిన లక్ష్మి పటము చాల ఇండ్లలో నుండును. ఆ రూపమును మనకు అలవాటు చేసినవాడు కేరళీయుడైన రాజా రవివర్మ (1848–1906). ఐరోపావారి నూనె రంగుల పద్ధతిని నేర్చి, దానిలో మన పురాణకథలను చిత్రించెను. 1894లో బొంబాయిలో రాతి అచ్చుకూటము నెలకొల్పబడిన తరువాత ఆ దేవతలు రాజమందిరములను వీడి సామాన్యుల గోడలకెక్కిరి. చీర మడతలోని నీడను, వెనుక కొలనులోని దూరమును గమనింపుడు. మన లక్ష్మి ఫ్లారెన్సు చూపును, ఫ్లాండర్సు నూనెను ఎరిగినదే! పాశ్చాత్య కళాచరిత్ర మన యింటికి పుస్తకముగా రాక మునుపే దేవతా పటముగా వచ్చినది. దానికి మనము నిత్యము హారతి ఇచ్చుచున్నాము.

ఇందు లాభమును కలదు, నష్టమును కలదు. దేవి మన వీధి ముత్తైదువవలె దగ్గరగా తోచుట లాభము. దేవతలందరును నాటకరంగముపై దీపపు వెలుగున నిలిచిన పాత్రలైపోవుట నష్టము. అంతకు ముందటి మన చిత్రము వేరొక త్రోవ. లేపాక్షి వీరభద్రాలయపు కప్పు చిత్రములు విజయనగరపు అచ్యుతరాయల కాలమునాటివి (1529–1542). సరిగా ఆ యేండ్లలోనే, 1536 మొదలు 1541 వరకు, రోమునందు మైకెలాంజెలో ‘అంతిమ తీర్పు’ను చిత్రించెను. రోములో కండలు తిరిగిన దేహములు ఆకాశమున తేలును, పడును. లేపాక్షిలో గీత ప్రధానము, రంగు చదును, నీడతో పని లేదు, చీరల అంచులును పువ్వులును విడివిడిగా లెక్కింపదగియుండును. ఇది చేతకానితనమా? గుడియాత్తపు మగ్గమెరిగిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. గుడ్డమీది పువ్వునకు నీడ యుండదు. అయినను అది పువ్వే.

ఇక ఆ పిల్ల ప్రశ్నకు వత్తము. పాశ్చాత్యుల కళాచరిత్రలో మనది లేకపోలేదు. 1876లో జేమ్సు ఫెర్గుసన్ ప్రచురించిన భారతీయ, ప్రాచ్య వాస్తుకళా చరిత్రలో వేలూరు కంబము బొమ్మయే కలదు! మన కోటలోని జలకంఠేశ్వరాలయ కల్యాణ మంటపపు కంబము. ఫెర్గుసన్ గొప్ప పరిశ్రమ చేసినవాడు. అందుకు కృతజ్ఞత చూపవలసినదే. కాని భారతీయ శిల్పము ప్రాచీనకాలమున ఉన్నతమై, రానురాను క్షీణించెనని ఆయన మతము. అతని చేతి కొలబద్ద గ్రీసుది. మన కంబము పుస్తకములోనికి ఎక్కినది. ఎక్కినది దిగువ మెట్టున.

అయితే నిచ్చెన వేసినవారే పిమ్మట నిచ్చెన దిగిరి. 1839లో ఫొటోగ్రఫీ లోకమునకు వెల్లడియైన తరువాత, కంటికి కనబడినదానిని యథాతథముగా దించుటకు యంత్రమే చాలునని తేలెను. 1874లో ప్యారిసునందు మోనే మొదలగువారు క్షణకాలపు వెలుగును పట్టజూచిన చిత్రములను ప్రదర్శించిరి. 1907లో పికాసో ఆఫ్రికా ముఖరూపులను చూచి, ఒక్కచోట నిలిచి చూచెడి పాత పద్ధతినే విరిచెను. మతీస్సు పారశీక చిత్రముల చదును రంగులను మెచ్చెను. లేపాక్షివారికి దూరపు చూపు రాదని జాలిపడినవారి మనుమలు, దూరపు చూపును విడుచుటకు పాట్లుపడిరి! కావున పాశ్చాత్య కళాచరిత్రను చివరి వరకు చదివిన విద్యార్థికి న్యూనతాభావముండ నవసరము లేదు. సగమున ఆపినవానికే ఆ జబ్బు. అట్లే, ‘అన్నియు మనవద్దనే యున్నవి’ అని మీసము దువ్వుటయు చదువని జబ్బే.

ఒక ఆదివారము మేము ఆ పిల్లను కోటకు తీసికొనిపోయి, ఒక్క కంబమును మాత్రమే గీయుమంటిమి. ముందుకాళ్లెత్తిన గుఱ్ఱము, పైన రౌతు, క్రింద భటులు, ప్రక్కన అంటియున్న చిన్న కంబములు. అన్నియు ఒకే రాతివి. పుస్తకములో నేర్చినట్లు ఒక్కచోట కూర్చుండి గీచెను. రౌతు దొరకెను, భటుడు దాగెను. ప్రక్కకు జరిగెను, భటుడు దొరకెను, రౌతు తప్పెను. నాలుగు కాగితములు చింపిన పిమ్మట, “తాతా, దీన్ని ఒక చోట నిలిచి చూడలేము. చుట్టి రావాల” అనెను. మా కంటె బాగుగా చెప్పినది. ఫ్లారెన్సు గోడ నిలిచి చూడవలసినది. వేలూరు కంబము ప్రదక్షిణము చేసి చూడవలసినది. రెండును చూపులే. ఒకదాని కొలతతో రెండవదానిని కొలువరాదు.

మరియొక భేదము కలదు. 1550లో వసారి ఇటలీ కళాకారుల జీవితములను గ్రంథముగా వెలయించెను. అందుచేత అచ్చట చరిత్ర పేర్ల చరిత్రయైనది. ఆ శతాబ్దిలోనే కట్టిన మన మంటపమునకు చిన్నబొమ్మి నాయకుని పేరు చెప్పుకొందుము. ఆ గుఱ్ఱమును చెక్కినవాని పేరు చెప్పుకొనము. ఆలయము చిరకాలము పూజ లేక యుండి, 1981లో మరల లింగప్రతిష్ఠ జరిగినది. దేవుడు లేనినాడును ఆ రాతిని చూడదగినదిగా నిలిపినది పేరు చెప్పబడని ఆ చేతులే. వ్రాయని జాతికి శిల్పముండును గాని శిల్పచరిత్ర యుండదు.

రెండు చూపులను కలుపుకొన్న తెలుగువాడు లేకపోలేదు. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు (1897–1925) కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయి జె.జె. కళాశాలలో పాశ్చాత్య పద్ధతిని అభ్యసించెను. దేహనిర్మాణము అక్కడ నేర్చినది. గీతలోని లాలిత్యము మనది. ఇరువదెనిమిదేండ్లు నిండకుండనే కన్నుమూసెను. రాజమహేంద్రవరమున ఆయన పేరిట చిత్రశాల కలదు. మన పిల్లలలో ఎందరికి ఆ పేరు తెలియును?

మనము ఈ నేలను స్థిరపడిన తెలుగువారము. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. దానిపై మాకు ఫిర్యాదు లేదు. ఇంగ్లీషు ఉద్యోగమిచ్చు భాష. కాని చూచినదానిని ఇంటి భాషలో చెప్పలేని పిల్లలు, తమ కంబమును కూడ పరుల వ్రాతను చదివియే చూచెదరు. మా భయమంతయు అదియే.

కనుక మన సంఘమునకు ఒక మనవి. ఏటేట ఒక ఆదివారము విద్యార్థులను కోటకు తీసికొనిపోవుదము. ఒక్కొక్కరు ఒక్కొక్క కంబము చుట్టు తిరిగి, చూచినది తెలుగులో పది పంక్తులు వ్రాయవలయును. పిమ్మట ఫ్లారెన్సు బొమ్మ నొకటి చేతికిచ్చి, దానిని గూర్చియు పది పంక్తులు వ్రాయింతము. తప్పులున్నను సరే, వచ్చు సంచికలో అచ్చు వేయుదము. ‘మనది ఒక్కటీ లేదే’ అన్న పిల్లకు అంతకంటె సరియైన బదులు మాకు తోచుట లేదు.