గుర్రం బాగుంది, ఆట సంగతి?

2018 డిసెంబరు 6న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ‘ది గేమ్ అవార్డ్స్’ వేడుకలో ఆ ఏటి ఉత్తమ వీడియో గేమ్‌గా ‘గాడ్ ఆఫ్ వార్’ పేరు ప్రకటించారు. ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ అభిమానులు ఆ రాత్రి మొదలుపెట్టిన తగువు ఇంకా తెగలేదు. అలాగని వాళ్ల గేమ్ ఉత్త చేతులతో ఇంటికి వెళ్లిందా అంటే అదీ లేదు. కథకు, సంగీతానికి, శబ్దానికి, ఆర్థర్ మోర్గన్ పాత్రకు ప్రాణం పోసిన రోజర్ క్లార్క్ నటనకు కలిపి నాలుగు అవార్డులు పట్టుకెళ్లింది. గెలిచిన గాడ్ ఆఫ్ వార్‌కు దక్కినవి మూడే. అయినా కిరీటం దక్కలేదని కడుపుమంట. నంది అవార్డుల జాబితా వచ్చిన ప్రతిసారీ మన హీరోల అభిమానులు చేసిన వాదనలన్నీ ఇక్కడా వినిపిస్తాయి. జ్యూరీకి ఏం తెలుసు, జనం దేన్ని మెచ్చారు, వసూళ్లు ఎవరివి ఎక్కువ? వసూళ్ల మాటకొస్తే రెడ్ డెడ్ మొదటి మూడు రోజుల్లోనే 72.5 కోట్ల డాలర్లు రాబట్టింది. దాని ముందు నిలిచే సినిమాలు హాలీవుడ్‌లోనూ తక్కువే.

నేను రెండూ ఆడాను. ఉద్యోగం, ఇంటి పనులు అయ్యాక, రాత్రి భోజనాల తర్వాత కంట్రోలర్ పట్టుకునే రకాన్ని. సినిమాలో మనం కదలకపోయినా కథ కదులుతుంది. గేమ్‌లో మనం బటన్ నొక్కకపోతే హీరో గోడకు చేరబడి నిలబడిపోతాడు. అందుకే ఏ గేమ్‌కైనా అంత పొగడ్త తగునా అని ఎవరైనా అడిగితే నేను మొదట చూసేది ఒక్కటే. ఆ గొప్పతనం నా వేళ్ల దాకా వచ్చిందా, తెర మీదే ఆగిపోయిందా?

రెడ్ డెడ్ 2 తెర మీద చూపించినంత ఇంకే గేమూ చూపించలేదు, ఒప్పుకుంటాను. 1899 నాటి అమెరికా. తమ కాలం చెల్లిపోయిందని తెలిసీ ఒప్పుకోని దొంగల ముఠా. రాక్‌స్టార్ కంపెనీ స్టూడియోలన్నీ, బెంగళూరు బృందంతో సహా, ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశాయి. మూడు లక్షల యానిమేషన్లు, అయిదు లక్షల డైలాగు లైన్లు ఉన్నాయని రచయిత డాన్ హౌజర్ ఇంటర్వ్యూతో వచ్చిన పత్రికా కథనం చెప్పింది. చలికి గుర్రం వృషణాలు ముడుచుకుంటాయన్న సంగతి అప్పట్లో పత్రికల్లో వార్త అయింది. (ఆ ఒక్క పని మీద ఎవరో కొన్ని వారాలు కూర్చునే ఉంటారు. ఇంట్లో ‘ఆఫీసులో ఏం చేస్తున్నావు’ అని అడిగితే ఏం చెప్పారో!) గుర్రానికి మాలిష్ చేయాలి, మేత పెట్టాలి. జింకను వేటాడితే ఆర్థర్ వంగి, కత్తి పెట్టి, తోలు ఒలిచి, భుజాన వేసుకుని గుర్రం మీద పడేసేదాకా మనం చూడాల్సిందే. మొదటిసారి ఒళ్లు జలదరించింది. తర్వాత్తర్వాత ఆ తంతు జరుగుతుంటే పక్కనున్న ఫోన్ చేతిలోకి తీసుకోవడం అలవాటైంది.

ఆ నిదానాన్ని నేను తప్పుపట్టను. ముఠా గుడారాల మధ్య ఆర్థర్ మెల్లగా నడుస్తుంటే ఒకరు పాడుతుంటారు, ఒకరు తిడుతుంటారు, ఒకరు అప్పు అడుగుతారు. అక్కడ పరిగెత్తనివ్వకపోవడమే సరైన పని. చిక్కంతా అసలు మిషన్లలో. ఊళ్లోకి వెనక వీధి నుంచి వెళదామని గుర్రాన్ని కాస్త పక్కకు తిప్పితే ‘మిషన్ ఫెయిల్’ అని తెర ఎర్రబడుతుంది. వాళ్లు గీసిన గీత మీదే వెళ్లాలి, వాళ్లు చెప్పిన రాయి వెనకే దాక్కోవాలి. అడవిలో ఎటైనా పొమ్మన్న గేమ్, కథ మొదలవగానే చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. దొంగల స్వేచ్ఛ మీద తీసిన ఈ మహాకావ్యంలో ఆడేవాడికి మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. గుర్రం అద్భుతం. ఆట మాత్రం పదేళ్ల నాటి పాత పద్ధతి.

గాడ్ ఆఫ్ వార్‌లో ఇంత ప్రపంచం లేదు. తండ్రి, కొడుకు, చనిపోయిన తల్లి బూడిదను కొండ మీద చల్లడానికి ప్రయాణం. అస్థికలు కలపడానికి కాశీకో కాళేశ్వరానికో పోయే మనకు ఆ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ నన్ను పట్టేసింది గొడ్డలి. తండ్రి క్రేటోస్ విసిరిన గొడ్డలి ఎక్కడో రాక్షసుడి ఛాతీలో దిగి ఉంటుంది. త్రికోణం గుర్తున్న బటన్ నొక్కితే అది గిర్రున తిరుగుతూ గాలిని కోసుకుంటూ వచ్చి అరచేతిలో పడుతుంది. పడిన క్షణంలో కంట్రోలర్ చిన్నగా అదురుతుంది. శత్రువులెవరూ లేకపోయినా దాన్ని ఊరికే విసిరి వెనక్కి పిలుచుకుంటూ కూర్చున్నాను. ఆ ఏడు జ్యూరీ సరిగ్గానే చేసిందని నేననడానికి ఆ గొడ్డలే కారణం.

మరి విమర్శకుల సగటు లెక్కగట్టే మెటాక్రిటిక్‌లో రెడ్ డెడ్‌కు నూటికి 97 ఎలా వచ్చింది, గాడ్ ఆఫ్ వార్‌కు 94 దగ్గరే ఎందుకు ఆగింది? ఎవరో డబ్బు తిన్నారని కుర్రాళ్లు అంటారు. నాకలా తోచదు. రివ్యూ రాసే మనిషి పని తీరు చూడండి. విడుదలకు కొన్నాళ్ల ముందు గేమ్ చేతికొస్తుంది. ఫలానా గంటకు ముందు ఏమీ రాయకూడదని షరతు. ఆ గంట కొట్టగానే తన వ్యాసం అందరికన్నా ముందు కనబడాలని సంపాదకుడి ఆరాటం. యాభై అరవై గంటల కథను ఆ కొద్ది రోజుల్లో ముగించాలి. తీరిగ్గా తినాల్సిన పెళ్లి బంతిని పది నిమిషాల్లో మింగి లేచినవాడికి వంటల సంఖ్య గుర్తుంటుంది, ఉప్పు ఎక్కువైన పులుసు గుర్తుండదు. జింక తోలు ఒలిచి ఒలిచి విసిగే తీరిక అతనికెక్కడిది? కాబట్టి అతను రాసింది అబద్ధం కాదు. అతను ఆడిన గేమూ, నేను రెండు నెలలు ఆడిన గేమూ పెట్టె మీద పేరులో తప్ప ఒకటి కావు.

ఆ అంకెకు ఉన్న బలం మాత్రం మామూలుది కాదు. 2010లో వచ్చిన ‘ఫాల్అవుట్: న్యూ వేగస్’ తీసిన అబ్సిడియన్ స్టూడియోకు మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. డబ్బు రాలేదు. ఈ సంగతి ఆ గేమ్ రూపకర్తల్లో ఒకడైన క్రిస్ అవెలోన్ తర్వాత బయటపెట్టాడు. ఆ సిరీస్‌లో అన్నిటికన్నా అదే మెరుగని వాదించేవాళ్లు ఇప్పుడు కొల్లలు. ఇంకో వైపు ‘సైబర్‌పంక్ 2077’ ఉంది. విడుదలకు ముందు విమర్శకులకు పీసీ కాపీలే ఇచ్చారు. వాళ్లు మెచ్చుకున్నారు, మార్కులు బాగా పడ్డాయి. 2020 డిసెంబరు 10న కొన్న జనం పాత ప్లేస్టేషన్ 4లో పెట్టి చూస్తే అడుగడుగునా ఆగిపోతోంది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది.

సరిగ్గా అదే డిసెంబరు 10న ఆ ఏటి గేమ్ అవార్డులు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ ఏడు గెలిచింది. మా ఇంట్లో అసలు గొడవ దీని మీదే. మా అక్క కొడుకు ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, దాదాపు నాలుగు వేలు పోసి కొన్న డిస్కును సగంలో తీసేసి నా ముందు పెట్టాడు. “మామా, జోయెల్‌ను చంపినదాన్ని నా చేత ఆడిస్తరా? ఇదేం గేమ్?” వాడి కోపం వాడొక్కడిదే కాదు. మొదటి భాగంలో మనం మనసిచ్చిన జోయెల్‌ను ఇందులో మొదట్లోనే ఆబీ అనే అమ్మాయి గోల్ఫ్ కర్రతో కొట్టి చంపుతుంది. పగ తీర్చుకోవడానికి, జోయెల్ కూతురిలా చూసుకున్న ఎల్లీ సియాటిల్ వెళుతుంది. కథ సగానికి వచ్చాక గేమ్ మన చేతిలోంచి ఎల్లీని లాక్కుని, అవే మూడు రోజులు ఆబీగా ఆడమంటుంది. విడుదల రోజునే మెటాక్రిటిక్‌లో సున్నాల వర్షం. పాతిక గంటలు పట్టే గేమ్‌కు తొలి గంటల్లోనే తీర్పులు! అంతటితో ఆగలేదు, ఆబీ పాత్రధారి లారా బెయిలీకి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. చివరికి మెటాక్రిటిక్, విడుదలైన 36 గంటల దాకా పాఠకులు మార్కులు వేయకూడదని నిబంధన తెచ్చుకుంది.

వాడికి నేను చెప్పేది ఒకటే: నువ్వు ఆపేసిన చోటే అసలు గేమ్ మొదలవుతుందిరా. పాడుబడిన థియేటర్లో ఆబీగా ఎల్లీని వేటాడే ఘట్టం ఉంది. ఇన్ని గంటలు నేను ఎల్లీగా చేసిన పనులే, చాటున నక్కడం, దారిలో బాంబు అమర్చడం, ఇప్పుడు ఎల్లీ నా మీద చేస్తోంది. నా ఎత్తులతోనే నన్ను కొడుతోంది. బటన్ నొక్కితే ఎల్లీకి దెబ్బ తగులుతుంది. నొక్కకపోతే నేను చస్తాను. ఆ కొద్ది నిమిషాలు నా బొటనవేలికి కలిగిన సంకోచం ఏ సినిమా కలిగించలేదు. కంట్రోలర్ మధ్యనున్న పలకను వేలితో మీటితే ఎల్లీ గిటార్ వాయిస్తుంది. చివర్లో ఆమె ఎడమ చేతి రెండు వేళ్లు పోయాక అదే గిటార్ మీటమంటారు. నేను అదే మీటుడు మీటాను. స్వరం విరిగి వచ్చింది. ఇందుకు అవార్డివ్వొచ్చు.

అలాగని ఇందులో లోటు లేదనను. నోరా అనే అమ్మాయిని హింసించే దృశ్యంలో కొట్టే బటన్ నా చేతే నొక్కిస్తారు. వేరే దారి ఉండదు. పైగా నొక్కినందుకు నేనే సిగ్గుపడాలి. ఆ మాటకొస్తే చివర్లో వచ్చే కాలిఫోర్నియా అధ్యాయంలో ఆ వేళ్లు పోయే ఘట్టం తప్ప మిగతాదంతా కోసేసినా నాకు పట్టింపు లేదు.

ఏడింటిలో ఉత్తమ దర్శకత్వం అవార్డు గొంతు దిగలేదు. ఆ గేమ్ కోసం, దాన్ని తీసిన నాటీ డాగ్ స్టూడియో ఉద్యోగులు రాత్రీపగలూ, వారాంతాలూ లేకుండా నలిగిపోయారని 2020 మార్చిలోనే పాత్రికేయుడు జేసన్ ష్రైయర్ ‘కొటాకు’ వెబ్‌సైట్‌లో సవివరంగా రాశాడు. రెడ్ డెడ్ అప్పుడూ ఇదే కథ. వారానికి వంద గంటలు పనిచేశామని హౌజర్ గొప్పగా చెప్పి, ఆనక అది నలుగురు రచయితల మాట మాత్రమేనని సర్దుకున్నాడు. పని ఎలా జరిగిందో చూడకుండా తెర మీదిది చూసి తీర్పు చెప్పాలని కొందరంటారు. నటనకు, సంగీతానికి అయితే సరే. కానీ వందల మందిని, వాళ్ల వేళలను నడిపించడమే దర్శకుడి పని కదా, ఆ పని సరిగా జరగలేదని అందరికీ తెలిశాక దానికే బహుమతి ఎలా ఇస్తారు? అదే గేమ్‌కు ఆ ఏడే కొత్తగా పెట్టిన యాక్సెసిబిలిటీ అవార్డు వచ్చింది. దాని మీద నాకు ఒక్క అభ్యంతరమూ లేదు. అరవైకి పైగా సెట్టింగులు. చూపు లేనివాళ్లు శబ్దాల ఆధారంగా, చేతికి తగిలే అదురు ఆధారంగా చివరిదాకా ఆడగలిగారు. ఇన్ని కోట్లు ఖర్చుపెట్టే కంపెనీలు ఇలాంటి చోట పెడితే ఎవరు కాదంటారు?

ఆ ఏడు ఉత్తమ గేమ్ పోటీలో ఓడిపోయిన వాటిలో ‘హేడీస్’ ఒకటి. ఇరవై మంది చిల్లర ఉన్న సూపర్‌జైంట్ అనే చిన్న స్టూడియోది. పాతాళం నుంచి పారిపోవాలని చూసే యువరాజు, చచ్చిన ప్రతిసారీ తండ్రి కొలువులోనే తేలతాడు. అక్కడున్నవాళ్లు వాడి చావు గురించి ఎగతాళి చేస్తారు, ఓదారుస్తారు, కొత్త కబురు చెబుతారు. చావకపోతే కథ నడవదు. అంటే నా చేతగానితనం కూడా కథలో భాగమే. బాఫ్టా వాళ్లు 2021లో ఉత్తమ గేమ్ దీనికే ఇచ్చారు. తమాషా ఏమిటంటే, అదే వేడుకలో జనం ఓట్లతో ఇచ్చే అవార్డు లాస్ట్ ఆఫ్ అస్ 2కు దక్కింది. విమర్శకులు నెత్తినెత్తుకుంటే జనం ఛీకొట్టారన్న గేమ్‌కు జనం ఓటు!

మావాడికి ఈ సంగతి చెబితే, గేమ్ అవార్డ్స్‌లో జనం ఓటుతో ఇచ్చేది ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’కు వచ్చింది కదా, దాన్నెందుకు లెక్కలో వేయవని ఎదురు ప్రశ్న. న్యాయమే. 2020 బ్యాలెట్ నా చేతికిస్తే ఉత్తమ గేమ్, దర్శకత్వం రెండూ హేడీస్‌కు, నటన లారా బెయిలీకి, యాక్సెసిబిలిటీ నాటీ డాగ్‌కు. వాడు నా హేడీస్‌ను పైనుంచి కనబడే చిన్న బొమ్మల ఆట అంటాడు. మొదటి బాస్ మెగైరా దగ్గరే చచ్చి చచ్చి వదిలేశాడు. దసరాకు ఇంటికొస్తాడు. వాడి సేవ్ ఫైల్ నేనింకా తీసేయలేదు.