కె-6, జీక్యాంప్-6

మెదడు పరిశోధన గురించి పత్రికల్లో వచ్చే వార్తలన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ఎలుక ఒక దారిని గుర్తుపెట్టుకుంది, ఆ జ్ఞాపకం ఫలానా కణాల్లో ఉందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు, పక్కన పచ్చగా మెరిసే కణాల ఫోటో. ఆ కణాలు ఎందుకు మెరుస్తున్నాయో మాత్రం వార్తలో ఉండదు. నాడీకణానికి పుట్టుకతో మెరుపు లేదు. ఎవరో ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసిన ప్రోటీనును దానిలో పెడితేనే మెరుస్తుంది. ఆ ప్రోటీను చేసేవాళ్లను ప్రయోగశాలకు సామాను అందించేవాళ్ల కింద జమకట్టడం శాస్త్రలోకంలోనూ ఉంది, మనలోనూ ఉంది. అది తప్పని నా వాదన. మెదడులో ఏది కంటికి ఆనాలి, ఏది ఆనకుండా పోవాలి అన్నది మొదట నిర్ణయమయ్యేది వాళ్ల బల్ల మీదే. కనిపెట్టడమనే పని అక్కడే మొదలవుతుంది.

ఆ బల్ల మీద ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. 1961లో ఒసాము షిమోమురా అమెరికా పశ్చిమ తీరంలోని ఫ్రైడే హార్బర్‌లో జెల్లీచేపల అంచులు కత్తిరించి, వాటిలో వెలుగునిచ్చే పదార్థాన్ని పిండి తీసే ప్రయత్నంలో ఉన్నాడు. ఇక పనికిరాదని సింకులో పారబోసిన రసం ఒక్కసారిగా నీలంగా వెలిగింది. ఆ సింకులోకి సముద్రపు నీళ్లు వచ్చి చేరేవి. ఆ నీళ్లలోని కాల్షియమే రసాన్ని వెలిగించిందని ఆయన పట్టుకున్నాడు. ఆ ప్రోటీను పేరు ఏక్వోరిన్. దానితోపాటే బయటపడింది జీఎఫ్‌పీ అనే ఇంకో ప్రోటీను. నీలి వెలుగును తీసుకుని పచ్చ వెలుగుగా తిరిగిస్తుంది. 238 అమైనో ఆమ్లాల గొలుసు పీపా ఆకారంలో చుట్టుకుని, వెలిగే భాగాన్ని నడిమధ్యలో దాచుకుంటుంది. నాడీకణం ఉత్తేజితమైనప్పుడల్లా బయటున్న కాల్షియం లోపలికి దూసుకొస్తుంది కాబట్టి, కాల్షియాన్ని చూసి వెలిగే ప్రోటీను ఉంటే కణం ఎప్పుడు పనిచేస్తోందో కంటితో చూడొచ్చు. 2001లో జపాన్‌లో జునిచి నకాయ్ బృందం సరిగ్గా అదే చేసింది. పీపా గోడలో ఒకచోట గొలుసును తెంచి, పాత కొసలు రెండింటినీ కలిపేసి, కొత్తగా వచ్చిన కొసల్లో ఒకదానికి కాల్మోడ్యులిన్‌ను, రెండోదానికి ఎం13 అనే చిన్న ముక్కను అతికించింది. కాల్షియం తగలగానే కాల్మోడ్యులిన్ వెళ్లి ఎం13ను చుట్టేసుకుంటుంది, గోడలోని సందు పూడుతుంది, లోపలి భాగం వెలుగుతుంది. కాల్షియం తగ్గితే సందు తెరుచుకుని వెలుగు పడిపోతుంది. ఇదే జీక్యాంప్.

చెప్పినంత తేలిగ్గా అది పనిచేయలేదు. మొదటి జీక్యాంప్ మసగ్గా ఉండేది, పాలిచ్చే జంతువుల ఒంటి వేడికి సరిగ్గా మడతపడేది కాదు. అక్కడినుంచి కథంతా సవరణలే. 2009లో లిన్ టియాన్, లోరెన్ లూగర్ తదితరులు అమెరికాలోని జనీలియా పరిశోధనాలయంలో జీక్యాంప్-3 తెచ్చారు. 2013లో జీక్యాంప్-6 వచ్చాక, ఎలుక మెదడులో ఒక్క నాడీకణం ఒక్కసారి స్పందించినా పట్టుకునే వీలు దొరికింది. గొలుసులో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చి, ఆ మార్పును సాగుచేసిన నాడీకణాల్లో పెట్టి, విద్యుత్తుతో కదిలించి, ఎంత వెలిగింది, ఎంత త్వరగా వెలిగింది, ఎంత త్వరగా ఆరింది అని కొలవాలి. వందల మార్పుల్లో పనికొచ్చేవి గుప్పెడు. మన పక్కనే కదిరి వ్యవసాయ పరిశోధన స్థానంలో శెనక్కాయ రకాలు తీసేవాళ్ల పని ఎట్లాంటిదో దీనిదీ అదే తంతు. టీఎంవీ-2 విత్తనం మీద తరాలపాటు బతికిన ఈ మెట్ట నేలకు 2005లో కె-6 వచ్చింది, ఆ తర్వాత కె-9, లేపాక్షి వచ్చాయి. ప్రతి అంకె వెనకా ఏళ్ల కొద్దీ సంకరాలు, పారేసిన వందల వరసలు ఉంటాయి. దిగుబడి పెంచబోతే ఎండకు తట్టుకునే గుణం ఏమవుతుందోనన్న బెంగ అక్కడుంటే, ఇక్కడ సున్నితత్వం పెంచబోతే వేగం పోతుందన్న బెంగ. అందుకే జీక్యాంప్-6ను ఒక్క రకంగా కాక మూడు రకాలుగా విడుదల చేశారు: సన్నని సంకేతాన్నీ వదలకుండా నిదానంగా ఆరేది ఒకటి, చురుగ్గా వెలిగి ఆరేది ఒకటి, నడిమి రకం ఒకటి. కె-6 విత్తనం ముదిగుబ్బ రైతుకు తెలుసు, దాన్ని తీసినవాళ్ల పేరు తెలియదు. జీక్యాంప్-6 వాడే వేలమందిలో కూడా దాన్ని తయారుచేసినవాళ్ల పేరు వరసగా చెప్పగలిగేవాళ్లు కొద్దిమందే ఉంటారు.

ఇదంతా ఇంజనీరింగే కదా, ఇందులో కొత్త జ్ఞానం ఎక్కడుందని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు 2007లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనను చూపిస్తాను. మొదటి రచయిత చలసాని శ్రీకాంత్. ఇంటిపేరే మనకు ఆయన్ని పరిచయం చేస్తుంది. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో కోరీ బార్గ్‌మన్ ప్రయోగశాలలో ఆయన తీసుకున్నది మిల్లీమీటరు పొడవు పురుగును. దానికున్న నాడీకణాలు 302. పురుగును సన్నని గాడిలో కదలకుండా ఇరికించి, ముక్కు దగ్గర వాసన కలిపిన ద్రవం పారించి, జీక్యాంప్ పెట్టిన కణాన్ని మైక్రోస్కోపులో చూశారు. వాసన వచ్చినప్పుడు కణం వెలుగుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తలకిందులు. వాసన ఉన్నంతసేపూ కాల్షియం తగ్గింది, వాసన తీసేయగానే కణం భగ్గుమంది. అంటే ఆ పురుగు నాడి వాసన పోవడాన్ని గట్టిగా చాటుతోంది. ఆ ఒక్క కణం పంపే గ్లూటమేటే ఒక పక్క కణాన్ని ఉసిగొల్పి, ఇంకో పక్క కణాన్ని అణచిపెడుతుందని కూడా అక్కడే తేలింది. పురుగు ప్రవర్తనను ఎంతసేపు గమనించినా, ఏ కణం ఎప్పుడు పలికిందో ఇంత సూటిగా తెలియదు. చలసాని ప్రస్తుతం కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో ఉన్నారు. అల్ట్రాసౌండుతో నాడీకణాలను కదిలించే సోనోజెనెటిక్స్ అనే పద్ధతికి 2015లో పేరుపెట్టి బాట వేసింది ఆయన బృందమే. పనిముట్టు వాడినవాడు పనిముట్టు చేసేవాడు కావడం ఈ రంగంలో వింతేమీ కాదు, గీత అంత పల్చన.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. జీక్యాంప్ చూపించేది కాల్షియాన్ని, నాడీకణం విద్యుత్ స్పందనను కాదు. స్పందన ఒక మిల్లీసెకనులో ముగుస్తుంది, వెలుగు ఆరడానికి అంతకు వంద రెట్లు పట్టొచ్చు. పైగా ఈ ప్రోటీను కాల్షియాన్ని పట్టుకుంటుంది కాబట్టి కణం లోపలి లెక్కను అదే కాస్త మారుస్తుంది. మోతాదు మించితే కణాలు జబ్బుపడతాయి. జీక్యాంప్-6తో పుట్టించిన కొన్ని ఎలుక జాతుల్లో మూర్ఛను పోలిన అసహజ ప్రేరేపణలు కనిపించాయని 2017లో నికొలస్ స్టైన్‌మెట్జ్ తదితరులు తేల్చారు. ఇవన్నీ నిజమే, నేను కాదనను. కానీ ఈ అభ్యంతరం నా వాదనకే బలమిస్తుంది. సెన్సర్ స్వభావం ఫలితంలోకి ఇంతగా చొరబడుతుందంటే, దాని లోపాలు లోతుగా తెలిసినవాళ్ల మాట లేకుండా ఫలితాన్ని నమ్మడం కష్టం. 2023లో వచ్చిన ఎనిమిదో తరం జీక్యాంప్ సగం వెలుగుకు చేరే సమయాన్ని దాదాపు రెండు మిల్లీసెకన్లకు దించింది. నేరుగా వోల్టేజిని చూపే ప్రోటీన్లను వేరే బృందాలు తీర్చిదిద్దుతున్నాయి. డోపమిన్ వంటి రసాయనాలను పట్టే సెన్సర్లు 2018లోనే వచ్చాయి, వాటిలో ఒకదాని వెనక జీక్యాంప్-3 చేసిన లిన్ టియాన్ ప్రయోగశాలే ఉంది. లోపాన్ని ఎత్తిచూపిన వాళ్లు, దాన్ని సరిచేసిన వాళ్లు చాలాసార్లు ఒక్క గుంపువాళ్లే.

ఇలాంటి పనికి జీతం ఎవరిస్తారన్నదే అసలు చిక్కు. జీఎఫ్‌పీ జన్యువును వేరుచేసి 1992లో ప్రచురించిన డగ్లస్ ప్రాషర్ సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. నిధులు ఆగిపోయాయి, ఉద్యోగం నిలవలేదు. అయినా జన్యువును దాచుకోకుండా మార్టిన్ చాల్ఫీకి, రోజర్ చెన్‌కి పంపాడు. 1994లో చాల్ఫీ దాన్ని బ్యాక్టీరియాలో, పురుగు నాడీకణాల్లో వెలిగించి చూపాడు. చెన్ దాన్ని సవరించి రంగులు తెచ్చాడు. 1997లో మియావాకితో కలిసి దానిమీదే కాల్షియం సెన్సర్ కట్టాడు. 2008 రసాయనశాస్త్ర నోబెల్ షిమోమురా, చాల్ఫీ, చెన్‌లకు వచ్చేనాటికి ప్రాషర్ అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో ఒక కార్ల షోరూంలో వచ్చేపోయేవాళ్లను దింపే వ్యాను నడుపుతున్నాడు. చాల్ఫీ, చెన్ తమ ఖర్చుతో ఆయన్ని స్టాక్‌హోమ్‌కు పిలిపించారు. ఆ తర్వాత చెన్ తన ప్రయోగశాలలోనే ఉద్యోగం ఇచ్చాడు. వాళ్ల మంచితనాన్ని తక్కువ చేయను. ఇద్దరు మనుషుల మంచితనం మీద ఆధారపడాల్సి రావడమే వ్యవస్థకు సిగ్గుచేటు. జనీలియాలో ఈ సెన్సర్ల కోసమే శాశ్వత బృందాన్ని పెట్టాకనే జీక్యాంప్ తరం వెంట తరం ముందుకు సాగింది. మేధావి ఎక్కడైనా పుట్టొచ్చు, ఎనిమిది తరాలు నడవాలంటే మాత్రం నెలనెలా జీతం కావాలి.

వాన కోసం ఆకాశం వైపు చూసే ఊళ్లలో ఎలుక మెదడు ఊసెందుకని పాఠకులు అడగొచ్చు. జీక్యాంప్ రేపు మన ఆసుపత్రికి రాదు. దాన్ని మనిషి మెదడులో పెట్టాలంటే జన్యువును లోపలికి పంపాలి, అది ఇప్పట్లో అయ్యే పని కాదు. మూర్ఛకో పార్కిన్సన్‌కో మందు వెతికేవాళ్లు జంతువుల మెదడులో ఏ వలయం చెడిందో చూసే కన్ను అది, అంతవరకే. నేను అడిగేది చిన్న సంగతి. ఇవాళ జీక్యాంప్ జన్యువును యాడ్‌జీన్ అనే లాభాపేక్ష లేని సంస్థ నుంచి ఏ విశ్వవిద్యాలయమైనా తెప్పించుకోవచ్చు, అనంతపురం ఎస్కేయూతో సహా. వాడుకోవడానికి అడ్డు లేదు. కొత్తది చేయాలనుకునే కుర్రవాడో అమ్మాయో మన విశ్వవిద్యాలయంలో చేరితే, అయిదేళ్లపాటు పనికిరాని మార్పులు పారేసుకుంటూ కూర్చోవడాన్ని పని కింద లెక్కగట్టే పద్ధతి ఉండాలి. పదోన్నతి కమిటీల్లో కూర్చునే పెద్దలు పేపర్ల సంఖ్యతోపాటు, ఆ మనిషి చేసి పంపిన పనిముట్టును ఎన్ని ప్రయోగశాలలు వాడుతున్నాయని కూడా అడగాలి.