చవక పెట్టెల పొందిక

ఇంట్లో పాట రికార్డు చేసుకునేవాళ్లలో నా మెచ్చుకోలు ఖరీదైన సామాన్లు కొన్నవాళ్లకు కాదు, ఏ వైరు ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లకు.

మైకు నుంచి వచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని పెంచేది ప్రీయాంప్. షూర్ ఎస్‌ఎం7బి లాంటి మైకు ముందు మామూలు గొంతుతో పాడితే సుమారు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. చాలా చవక ప్రీయాంపులు అక్కడికి చేరేసరికి బుస్సుమంటాయి. తెలిసినవాడు ఆ అంకె చూసి కొంటాడు, అద్దం వెనక మెరిసే ట్యూబును చూసి కాదు. (కొన్నిటిలో ఆ మెరుపు ట్యూబుది కూడా కాదు, వెనక దాచిన ఎల్ఈడీది!)

ప్రీయాంప్ తర్వాత గొంతులో హెచ్చుతగ్గుల్ని అదిమే కంప్రెసర్లలో నాకు ముద్దొచ్చేది ఎఫ్‌ఎంఆర్ ఆడియోవాళ్ల ఆర్‌ఎన్‌సి 1773. ర్యాకులో మూడో వంతు వెడల్పు, అయిదు నాబులు, ఆడంబరం సున్నా. దాని ‘సూపర్ నైస్’ బటన్ నొక్కితే కొన్ని కంప్రెసర్లు వరసగా నిలబడి తలా కాస్త అదిమినట్టు పనిచేస్తుంది. గొంతు నలగదు.

నేర్పంతా దాని వెనక జాకుల దగ్గరే. ఇన్‌పుట్ జాకు మిక్సర్ ఇన్సర్టుకు తగినట్టు కట్టింది: ఒకే స్టీరియో ప్లగ్గులో టిప్ లోపలికి, రింగ్ బయటికి. అందుకే ప్రీయాంప్ నుంచి నేరుగా తెచ్చేటప్పుడు మోనో ప్లగ్గున్న వైరే వాడాలి. కంప్రెసర్ నుంచి ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కే వెళ్లాలి. మైక్ ఇన్‌పుట్‌కు వెళితే పెంచినదాన్నే మళ్లీ పెంచడమవుతుంది. రేషియో మూడుకు ఒకటి, మీటరు మీద మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గుదల చాలు. రికార్డయ్యాక ఇంకా అదమవచ్చు, అదిమింది విప్పలేం.