చుండూరు, ఎర్వాడి: మానసిక ఆరోగ్య హక్కుల కృషిలో సాక్ష్యం ప్రశ్న

1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. సరిగ్గా పదేళ్లకు, 2001 ఆగస్టు 6న, తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగుల ఆశ్రయం ఒకటి అగ్నికి ఆహుతై, గొలుసులతో కట్టివేయబడి ఉన్న 28 మంది మరణించారు. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. అయినా ఈ రెండు ఘటనల తరువాతి పరిణామాలను పక్కపక్కన పెట్టి చూడటం అవసరం. కులవివక్ష, లింగవివక్షల వలెనే మానసిక రుగ్మత పట్ల కళంకభావం కూడా సామాజిక అన్యాయమేననే వాదన ఇటీవల బలపడుతున్నది. ఈ పోలికలో సత్యం ఉన్నది. కాని ఉద్యమాలకు ప్రాణాధారమైన ఒక అంశాన్ని అది దాటవేస్తున్నది.

సాక్షులు, బంధువులు

చుండూరు మృతుల కుటుంబాలే ఆ పోరాటానికి కేంద్రం. ఘటన జరిగిన గ్రామంలోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడింది. బాధితులు అక్కడ సాక్షులుగా నిలబడ్డారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడగా, 2014లో హైకోర్టు శిక్షలను రద్దు చేసింది. న్యాయస్థానంలో నిలవకపోయినా ఆ సాక్ష్యం ఉద్యమ స్మృతిలో చెల్లని మాట కాలేదు.

ఎర్వాడిలో పరిస్థితి వేరు. దర్గా మహిమపై విశ్వాసంతోనో, వైద్యం అందకనో, విసిగిపోయో రోగులను అక్కడ విడిచి వెళ్లినది తరచుగా సొంత కుటుంబాలే. సుప్రీంకోర్టు పత్రికా వార్త ఆధారంగా తనంత తానుగా విచారణ చేపట్టి, ఆశ్రయాల తనిఖీకి, నియంత్రణకు ఆదేశాలిచ్చింది. అవి అవసరమైనవే. అయితే అన్యాయానికి దొరికిన సమాధానం పాలనాపరమైనదే తప్ప, గొలుసుల్లో బతికినవారి గొంతు నుంచి పుట్టినది కాదు.

కులపోరాటంలో వాడ ఆశ్రయమిస్తుంది. ఇక్కడ నిర్బంధం ఇంటి గడప దగ్గరే మొదలుకావచ్చు. ఈ విషయంలో స్త్రీవాద ఉద్యమమే దగ్గరి చుట్టం. ఇంటిని రాజకీయ స్థలంగా గుర్తించినది అదే. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’, తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల మాటలనే చరిత్రకు ఆధారం చేసింది. తల్లి అనుభవించిన మానసిక వైద్య నిర్బంధాన్ని చూస్తూ పెరిగిన భార్గవి దావర్ 1999లో పుణేలో బాపు ట్రస్టును స్థాపించారు. ఇంటి నుంచి ఉద్యమం పుట్టిన అరుదైన ఉదాహరణ అది.

మాట చెల్లుబాటు

దళితుని మాటను బెదిరించి ఆపుతారు, స్త్రీ మాటను అబద్ధమని కొట్టివేస్తారు. మానసిక రోగి మాటను అబద్ధమని కూడా అనరు; రోగలక్షణంగా నమోదు చేస్తారు. ఎదురుతిరిగితే రోగం ముదిరిందంటారు, ఊరుకుంటే మందు పనిచేసిందంటారు. విచిత్రమేమంటే 1872 నాటి సాక్ష్య చట్టం ఇంతకంటే ఉదారమైనది: ప్రశ్నను గ్రహించి హేతుబద్ధంగా జవాబివ్వగలిగితే, మతి చలించిన వ్యక్తి సైతం సాక్ష్యానికి అర్హుడేనన్నది. ఓటు విషయంలో రాజ్యాంగం అంత ఉదారంగా లేదు. ఓటరుగా నమోదుకు అనర్హత కల్పించగల కారణాలలో మతిస్థిమితం లేకపోవడాన్ని 326వ అధికరణం పేర్కొన్నది. న్యాయస్థానం అలా ప్రకటించినవారికే ఇది వర్తించినా, ఇతర ఉద్యమాలకు బలమైన ఓటు ఇక్కడ తొలగించదగినదిగా ఉన్నది.

పేరు సంగతీ అంతే. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం, తిట్టుగా వాడిన కులనామాన్ని పేరు చివర సగర్వంగా నిలిపింది. టొరంటోలో 1993 నుంచి మానసిక వైద్య బాధితులు ఇటువంటి స్వాభిమాన దినాన్ని జరిపారు. తెలుగులో ‘పిచ్చి’ని అలా సొంతం చేసుకోవడం కష్టం. ‘పిచ్చి తల్లీ’ అన్నప్పుడు అది లాలన, ‘పిచ్చిమొక్క’ అన్నప్పుడు పనికిమాలినతనం, ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్నప్పుడు హాస్యం. శత్రువు స్పష్టంగా లేని మాటను ఎదుర్కోవడం ఎలా?

అవగాహన ప్రచారాలు ఈ చిక్కులోకి దిగవు. మధుమేహం వంటిదే మనోవ్యాధి అని చెప్పడం సిగ్గును తగ్గిస్తుంది, నిజమే. కాని మధుమేహ రోగిని ఎవరూ గొలుసుతో కట్టరు. మరోవైపు, రైతు ఆత్మహత్యను కుంగుబాటుగా మాత్రమే చూపితే అప్పు, గిట్టుబాటు ధర చర్చ నుంచి జారిపోతాయి. సామాజిక ఉద్యమాలు మానసిక ఆరోగ్య పరిభాషను అనుమానించడానికి ఇదొక కారణం. ఆ అనుమానం నిరాధారం కాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. తనకు ఎటువంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కును 5వ సెక్షన్ ఇచ్చింది. రోగి మాటను చట్టం ముందుగా నమ్మిన చోటు ఇది. అయితే 11వ సెక్షన్ ప్రకారం వైద్యనిపుణులో బంధువులో కోరితే సమీక్షా బోర్డు ఆ పత్రాన్ని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. ఆ బోర్డులో రెండు స్థానాలు మానసిక రుగ్మత ఉన్నవారికి ‘లేదా’ సంరక్షకులకు, ‘లేదా’ సంస్థల ప్రతినిధులకు. మహిళా సర్పంచి కుర్చీలో భర్త కూర్చుంటే దానిని దుర్వినియోగం అంటారు. ఇక్కడ రోగి కుర్చీలో సంరక్షకుడు కూర్చోవడానికి చట్టమే అనుమతించింది.