తేడా లేని భవిష్యత్తు

ప్రయోగశాలలో ఒక ప్రాథమిక నియమము ఉన్నది. ఒక అంశము యొక్క ప్రభావమును తెలుసుకొనదలచినప్పుడు ఆ ఒక్కదానిని మార్చి, తక్కినవాటిని స్థిరముగా ఉంచవలెను. విజ్ఞాన కల్పన అనే సాహిత్యశాఖ కూడ ఈ నియమము మీదనే ఆధారపడి ఉన్నది. మానవుడు కాంతిని మించిన వేగముతో ప్రయాణము చేయగలిగితే ఏమవుతుంది? కాలములో వెనుకకు పోగలిగితే ఏమవుతుంది? రచయిత ఇట్టి ప్రశ్న నొకదానిని వేసి, దాని ఫలితములను వరుసగా ఊహించుకొంటూ పోతాడు. అయితే ప్రయోగములో దేనిని మార్చినారన్నది ఎంత ముఖ్యమో, దేనిని మార్చకుండ వదలినారన్నది కూడ అంతే ముఖ్యము. కథలో నౌకలు మారుతవి, ఆయుధములు మారుతవి, ఆహారము మాత్రగా మారుతుంది. కాని వెయ్యేండ్ల తరువాత కూడ కుటుంబము మాత్రము రచయిత వీధిలోని కుటుంబమువలెనే ఉంటుంది. దీనిని స్థిరముగా ఉంచవలెనని రచయిత నిర్ణయించి ఉంచినది కాదు. అతడు గమనించనే లేదు.

ఈ గమనించని అంశమును ఎత్తి చూపినవారిలో టెలివిజను ప్రేక్షకులు ముఖ్యులు. విజ్ఞాన కల్పన ధారావాహికల అభిమానులు దాదాపు నలువది సంవత్సరములుగా అడుగుతున్న ప్రశ్న చాల చిన్నది. రాబోవు శతాబ్దముల నౌకలో గ్రహాంతరవాసికి చోటున్నది, మరమనిషికి చోటున్నది. మరి స్వలింగ ప్రేమ గలవారికి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు చోటెందుకు లేదు? ఈ ప్రశ్నకు నిర్మాతలు ఇచ్చిన సమాధానములను పరిశీలిస్తే, కళగా ఏది నిలిచినదో, ఏది తేలిపోయినదో తెలుస్తుంది.

లక్ష ఉత్తరములు

1966 సెప్టెంబరు 8న అమెరికాలో స్టార్ ట్రెక్ ధారావాహిక ప్రారంభమైనది. దాని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. ఆ నౌక నడిపే గదిలో ఆఫ్రికా వంశీయురాలైన ఉహూరా, జపాను వంశీయుడైన సులూ కూర్చున్నారు. మరుసటి సంవత్సరము రష్యనైన చెకోవ్ కూడ చేరినాడు. అమెరికా, రష్యాలు పరస్పరము క్షిపణులను గురిపెట్టుకొని ఉన్న రోజులవి. అందుచేత ఆ కూర్పు సామాన్యమైనది కాదు. 1968లో ధారావాహికను ఆపివేస్తారను వార్త పుట్టగా, అభిమానులు ప్రసార సంస్థకు లక్షకు పైగా ఉత్తరములు వ్రాసి మూడవ సంవత్సరమునకు పొడిగింపజేశారు. 1969లో 79 భాగములతో అది ముగిసినది. కాని ప్రేక్షకుడు కేవలము చూచేవాడు కాడని, కథ తన వాగ్దానమును తప్పినప్పుడు నిలదీయగలవాడని ఆ ఉత్తరములు నిరూపించినవి.

ఆ వాగ్దానము ఏది? మూడవ సంవత్సరపు కథలలో వల్కన్ జాతివారి తత్త్వముగా ఒక సూత్రము వచ్చినది. అనంతమైన వైవిధ్యము అనంతమైన రీతులలో కలియుటలోనే విశ్వము యొక్క అందమున్నదని దాని సారము. అభిమానులు ఈ సూత్రమును మనస్సుకు పట్టించుకొన్నారు. వైవిధ్యము అనంతమైనచో అందులో తాము ఎందుకు లేమని వారిలో కొందరు అడిగినారు.

1986లో బోస్టన్ నగరములో జరిగిన అభిమానుల సమావేశములో ఈ ప్రశ్న రాడెన్‌బెరీకి నేరుగా ఎదురైనది. అటువంటి పాత్ర ఉండవలసినదేనని ఆయన ఒప్పుకొన్నాడు. ఆ మాటను నమ్మి డేవిడ్ గెరాల్డ్ అను రచయిత 1987లో ఒక కథ వ్రాసినాడు. ఎయిడ్స్ వ్యాధి చుట్టు భయము వ్యాపించి ఉన్న ఆ రోజులలో, రక్తములో వృద్ధిపొందే ఒక భయంకర కృమిని, పరస్పరము ప్రేమించుకొనే ఇద్దరు పురుషులను అతడు కథలోనికి తెచ్చినాడు. ఆ కథ చిత్రీకరణకు రాలేదు. ఇరువది సంవత్సరములు గడచిన తరువాత, అభిమానులే తమ సొంత ప్రయత్నముతో దానిని చిత్రముగా తీసి, 2008లో మొదటి భాగమును విడుదల చేసి, 2009లో రెండవ భాగముతో పూర్తిచేసినారు. సంస్థ అటకమీద పెట్టిన కథను ప్రేక్షకులు దింపి వెలుగులోనికి తెచ్చినారన్నమాట.

రెండు కథలు, రెండు పద్ధతులు

గేలాక్సియన్లు అను అభిమాన సంఘమువారు ఉత్తరముల ఉద్యమమును సాగించగా, నౌకలో స్వలింగ ప్రేమ గలవారు కనిపిస్తారని 1991లో రాడెన్‌బెరీ ప్రకటించినాడు. ఆ సంవత్సరము అక్టోబరు 24న ఆయన మరణించినాడు. 1992 మార్చి 16న ప్రసారమైన 'ది అవుట్‌కాస్ట్' అను భాగము ఈ వాగ్దానమునకు వచ్చిన సమాధానము. అందులో స్త్రీపురుష భేదము లేని ఒక జాతి ఉన్నది. ఆ జాతిలో సోరెన్ అను వ్యక్తి తాను స్త్రీనని రహస్యముగా భావిస్తుంది; నౌకాధికారి రైకర్‌ను ప్రేమిస్తుంది. ఆ జాతివారు దీనిని రోగముగా నిర్ణయించి ఆమెకు 'చికిత్స' చేస్తారు.

ఉద్దేశము మంచిదే. చికిత్స పేరుతో జరిగే హింసను తలక్రిందులు చేసి చూపినప్పుడు, సామాన్య ప్రేక్షకుడు కూడ దాని అన్యాయమును గుర్తిస్తాడు. కాని ఆ జాతి పాత్రలన్నిటిని స్త్రీలే ధరించినారు. తెరమీద కనిపించినది ఒక పురుషుడు, ఒక స్త్రీ. రైకర్ పాత్రధారి జొనాథన్ ఫ్రేక్స్ సైతము, సోరెన్ స్పష్టముగా పురుషరూపములో ఉండవలసినదని అభిప్రాయపడినాడు. పరీక్షింపవలసిన అంశమును నాళికలో పోయకుండనే పరీక్ష జరిపినట్లయినది.

1995 అక్టోబరు 30న డీప్ స్పేస్ నైన్ అను అనుబంధ ధారావాహికలో 'రీజాయిన్డ్' అను భాగము వచ్చినది. ట్రిల్ అను జాతిలో ఒక జీవి మరొకరి శరీరములో నివసిస్తుంది. ఆశ్రయమిచ్చిన వ్యక్తి మరణించగా మరొక శరీరములోనికి మారుతుంది. పూర్వశరీరములలో భార్యాభర్తలైన ఇద్దరు ఇప్పుడు ఇద్దరు స్త్రీలుగా కలుసుకొంటారు. గతజన్మ బంధమును తిరిగి కలుపుకొనరాదని ఆ జాతి కట్టుబాటు. కథలోని సంఘర్షణ అంతయు ఆ కట్టుబాటును గురించినదే. వారిద్దరు స్త్రీలన్న సంగతిని మాత్రము కథలో ఒక్కరును అభ్యంతరముగా ఎత్తరు. జన్మజన్మల బంధమును ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ కథ పరాయిదిగా తోచదు. ప్రయోగ నియమమును పాటించిన కథ ఇది. మొదటి కథ వాదిస్తుంది. రెండవది ఒక లోకమును నిర్మించి, ప్రేక్షకుని అందులో ఒక గంటసేపు నివసింపజేస్తుంది.

2017లో వచ్చిన డిస్కవరీ ధారావాహికలో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడైన స్టామెట్స్, వైద్యుడైన కల్బర్ దంపతులవలె జీవిస్తారు. విశ్వమంతట వ్యాపించిన శిలీంధ్ర తంతువుల మార్గమున నౌక క్షణములో ఎక్కడికైన పోవుననే ఊహ శాస్త్రపరీక్షకు నిలువదు. కాని ఆ ఇద్దరు రాత్రి ప్రక్కప్రక్కన నిలబడి పండ్లు తోముకొనే దృశ్యము నిలుస్తుంది. అందులో ఉపన్యాసము లేదు, కన్నీరు లేదు. పని ముగించుకొని పడుకోబోయే ఇద్దరు మనుష్యులున్నారు. 1986లో అడిగిన ప్రశ్నకు ముప్పది యొక్క సంవత్సరములకు దొరికిన సమాధానము ఇంత చిన్నది.

అభిమానుల కోపము

ఈ ప్రయాణము తిన్నగా సాగలేదు. 2016 మార్చి 3న 'ది హండ్రెడ్' అను ధారావాహికలో లెక్సా అను నాయకురాలు, తాను ప్రేమించిన స్త్రీతో కలిసిన కొద్దిసేపటికే, దారితప్పిన తూటాకు మరణించినది. అభిమానులు తీవ్రముగా నిరసించినారు. కథలో పాత్ర మరణిస్తే ఇంత ఆగ్రహమా అని కొందరు నవ్వినారు. కాని వారి వాదము గణితశాస్త్రమునకు దగ్గరిది. ఒక్క మరణమును యాదృచ్ఛికమనవచ్చును. అటువంటి పాత్రలు ఏ ధారావాహికలో కనిపించినను ముందుగా మరణించేవి అవే అయినప్పుడు అది యాదృచ్ఛికము కాదు, అలవాటు. ఆ అభిమానులు కోపముతోనే ఆగిపోలేదు. ఆత్మహత్యకు లోనుకాగల యువతీయువకులను ఆదుకొనే ట్రెవర్ ప్రాజెక్ట్ అను సంస్థకు విరాళములు పోగుచేసి పంపినారు. తెరమీది మరణమునకు, బయటి ప్రాణములకు గల సంబంధమును వారు అంత స్పష్టముగా చూచినారు.

తెలుగునాట

తెలుగులో విజ్ఞాన కల్పన అనగానే 1991లో వచ్చిన 'ఆదిత్య 369' గుర్తుకు వస్తుంది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు నెల్లూరు జిల్లా ఉదయగిరిలో జన్మించినవారు. శ్రీకృష్ణదేవరాయల కాలమునకు, 2504వ సంవత్సరమునకు ప్రేక్షకుని తీసుకొనిపోయిన ఆ చిత్రము, ముప్పది నాలుగు సంవత్సరముల తరువాత 2025లో తిరిగి విడుదలైనప్పుడు కూడ ఆదరణ పొందినది. అయిదు శతాబ్దములు వెనుకకు, అయిదు శతాబ్దములు ముందుకు పోయిన ఆ కాలయంత్రము నాయికానాయకుల జంటను మాత్రము ఎక్కడికి తీసుకొనిపోయినను ఉన్నచోటనే ఉంచినది. 1991 నాటి చిత్రమునకు ఇది దోషము కాదు, పరిమితి.

ఆ పరిమితిని దాటిన చిత్రము 2018 ఫిబ్రవరి 16న వచ్చినది. ప్రశాంత్ వర్మ దర్శకత్వము వహించిన 'అ!' చిత్రములో కాలయంత్రమును నిర్మింపబూనిన కావలివాడు ఉన్నాడు. మాటలాడే చేప, మాటలాడే మరుగుజ్జు చెట్టు ఉన్నవి. తాను పెండ్లాడదలచిన వ్యక్తిని తల్లిదండ్రులకు పరిచయము చేసే రాధ ఉన్నది. వారు ఎదురుచూచిన క్రిష్ వరుడు కాదు, కృష్ణవేణి. ఈ జంటను చిత్రము ఎగతాళి చేయలేదు. స్వలింగ సంబంధములను నేరముగా పరిగణించే శిక్షాస్మృతి 377వ సెక్షను అప్పటికి అమలులో ఉన్నది. సుప్రీంకోర్టు తీర్పు ఆ సంవత్సరము సెప్టెంబరు 6న గాని రాలేదు. అందుచేత ఆ చిత్రము చూపిన ధైర్యము తక్కువది కాదు.

అయినను విమర్శకు తావున్నది. చివరకు ఈ పాత్రలన్నియు బాల్యములో గాయపడిన ఒక స్త్రీ మనస్సులోని ఖండములని తేలుతుంది. ఒక మనస్సులో ఇన్ని లోకములుండునని చెప్పుటయే దర్శకుని ఉద్దేశము కావచ్చును. కాని రాధ, కృష్ణవేణిల ప్రేమ ఆ గాయము నుండి పుట్టినదేనని ప్రేక్షకుడు అపోహపడుటకు ఆ ముగింపు అవకాశమిస్తుంది. శాస్త్రము ఆ అపోహను ఎన్నడో విడిచినది. అమెరికా మానసిక వైద్యుల సంఘము 1973లోను, ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990లోను స్వలింగ ప్రేమను రోగముల పట్టిక నుండి తొలగించినవి. శాస్త్రము తలుపు తెరచిన గదిలోనే ఆ చిత్రము ఆ జంటను తిరిగి కూర్చోబెట్టినది.

తెలుగు సినిమా హాస్యములో ఇట్టివారికి 'తేడా' అను మాట వాడుక. ఆ మాట వినగానే హాలు నవ్వుతుంది. విచిత్రమేమనగా, జీవశాస్త్రములో తేడాయే అన్నిటికంటె గౌరవనీయమైన విషయము. ఒకే జాతిలోని వ్యక్తుల మధ్య తేడాలు లేనిదే ప్రకృతివరణము లేదు, పరిణామము లేదు. ఒక్క తేడాయు లేని పైరును ఒక్క తెగులు తుడిచిపెట్టగలదని పెన్నా డెల్టా రైతుకు వేరుగ చెప్పనక్కరలేదు. పరిణామమును పాఠముగా బోధించి, తేడాను తిట్టుగా వాడుకొనే సమాజము తన పాఠమును తానే వినలేదన్నమాట.

తెలుగునాట అభిమానమునకు కొరత లేదు. నిలువెత్తు బొమ్మలకు పాలాభిషేకము చేయగల అభిమానము మనది. అయితే అది నటుని చుట్టు తిరుగుతుంది. కథ ఇచ్చిన మాట చుట్టు తిరగదు. లక్ష ఉత్తరములు వ్రాసినవారి అభిమానమునకు, దీనికి గల భేదము ఇదే. తాము ప్రేమించిన కథను వారు పూజించి ఊరుకోలేదు. నీవు చెప్పిన సూత్రము ప్రకారము నీవే నడవలేదని దానికి చెప్పినారు. అదియే ఉత్తమమైన విమర్శ.

విడవలూరు మండలములోని రామతీర్థము తీరమున నిలబడినవారికి, ఆకాశము నిర్మలముగా ఉన్న రాత్రులలో శ్రీహరికోట నుండి లేచిన రాకెట్టు వెలుగు దక్షిణదిశన కనిపిస్తుంది. వరిచేలు, రొయ్యల గుంటలు ఉన్న ఆ ఊళ్ళలో నేడు చేతిఫోనులోనే స్టార్ ట్రెక్ కూడ చూడవచ్చును. ఆ తీరమున ఏ ఇంటిలోనో, తన తేడాను ఎవరికిని చెప్పుకొనలేని పదునారేండ్ల బాలుడో బాలికయో ఉండకపోరు. ఆకాశములోని వెలుగు భవిష్యత్తు అందరిదని చెపుతుంది. చేతిలోని తెర ఆ భవిష్యత్తులో ఎవరెవరు ఉంటారో చూపుతుంది. రెండును ఒకే మాట చెప్పినప్పుడే తెలుగు విజ్ఞాన కల్పనకు యౌవనము వచ్చినట్లు. కాలయంత్రమును నిర్మించుటకంటె అది సులభమైన పని. దానికి కావలసినది కొత్త యంత్రము కాదు. నౌకలో మరొక కుర్చీ, ఆ కుర్చీలో కూర్చున్న వ్యక్తికి చేయుటకు ఏదో ఒక పని.