తురుష్క ధారావాహికలయందు గృహరహస్యము

టర్కీదేశమునఁ బుట్టి నేఁడు నానాదేశములఁ బ్రదర్శింపఁబడుచున్న దూరదర్శన ధారావాహికలను గూర్చి సాహిత్యపత్రికయందు విమర్శము వ్రాయుట యుచితమా యని కొందఱు శంకింపవచ్చును. దృశ్యమైనది యెద్దియైనను రూపకవిచారమునకు విషయము గాక తప్పదు. లక్షలకొలఁది జనులు నిద్ర మాని చూచు కథయందు రసమున్నదో లేదో విచారింపని యలంకారశాస్త్రము పెట్టెయడుగునఁ బడియున్న పట్టుపుట్టము వంటిది. పండుగకైనను బైటికిఁ దీయనిచోఁ జిమ్మటల పాలగును. కాఁబట్టి నేను జూచినంతవఱకు, నా శాస్త్రము సాగినంతవఱకు, ఈ కథల యాకర్షణమునకు మూలమేమో నిరూపింపఁ బ్రయత్నించెదను.

ఆ దేశమున వీనిని 'దిజి' యందురు. 2005 మొదలు 2007 వఱకు నడచిన 'గ్యుముష్' అను కథ సిరియాదేశపు వాడుకయరబ్బీలోనికి మార్పఁబడి, 2008లో 'నూర్' అను పేర నరబ్బుదేశములఁ బ్రదర్శితమయ్యెను. దాని తుదిభాగమును 8 కోట్ల 50 లక్షలమంది చూచిరని ప్రసారముచేసిన సంస్థ ప్రకటించుకొనెను. అంతకుముందు దక్షిణామెరికా కథలను గ్రాంథికపుటరబ్బీలోఁ బలికించువారు. ఇంటిభాషను వాడుటయే యీ కథల విజయమునకు ముఖ్యకారణములలో నొకటియని పలువురి మతము. గ్రాంథికపక్షమున నిలిచి యిన్నేండ్లు వాదించిన నాకీమాట వ్రాయుట కొంచెము కష్టమే. కాని రహస్యములఁ గూర్చిన వ్యాసమున సత్యమును దాఁచుట మఱింత తగదు. 2014లోఁ జిలీదేశమునందు 'బిన్‌బిర్ గెజె' యను కథ యట్టి యాదరమునే పొందెను. 2015లో జిందగీ యను చానలుమూలమున నీ కథలు హిందీపలుకులతో మన యిండ్లకును వచ్చెను. 2017లో 'కారా సెవ్దా'కు అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారము లభించెను. అరబ్బులకును జిలీవారికిని మనకును సమానముగా రుచించిన దేదియో యందుండవలయును గదా!

ఇందులకుఁ గొందఱిట్లందురు: నటీనటుల సౌందర్యము, బాస్ఫరస్ జలసంధి యొడ్డున 'యాలి' యనఁబడు ప్రాచీనసౌధముల వైభవము, ఇవియే యాకర్షణహేతువులని. ఇది సరిగాదు. చంద్రోదయోద్యానాదులు శృంగారమున కుద్దీపనవిభావములే కాని, యవియే రసము గావు. సౌధమును జూచినంతనే కన్నీరు గలుగునేని చీరల ప్రకటనలు చూచి యందఱు నేడ్వవలసివచ్చును.

మఱికొందఱు, కుటుంబరహస్యమును దాఁచియుంచి ప్రేక్షకునకుఁ గుతూహలము గల్పించుటయే వీని కిటుకు అందురు. ఈ పక్షము మొదటిదానికంటె బలవత్తరము; కాని విచారింపఁగా నిదియు నిలువదు. కుతూహలము తెలియనిదానియందుఁ గలుగును. ఈ కథలయందు రహస్యము ప్రేక్షకునకుఁ దఱచుగా మొదటనే తెలియును. తెలియనిది పాత్రలకు మాత్రమే.

'అష్క్-ఇ మెమ్ను' అనఁగా నిషిద్ధప్రేమ. హాలిద్ జియా ఉషాక్లిగిల్ రచించిన యీ నవల 1899-1900 సంవత్సరములలో 'సెర్వెత్-ఇ ఫ్యునూన్' పత్రికయందుఁ బ్రకటితమయ్యెను. 1975లో నొకమాఱు, 2008 మొదలు 2010 వఱకు మఱియొకమాఱు నది దూరదర్శనకథగా రూపొందెను. బిహ్తెర్ అను యువతి సంతానవంతుఁడును బెద్దవయసువాఁడునగు అద్నాన్‌ను బెండ్లాడి, యాతని యింటనే పెరిగిన బెహ్లూల్‌పై మరులుకొనును. ఇది మనకుఁ దెలియును, అద్నాన్‌కుఁ దెలియదు. భోజనపుబల్లచుట్టు నందఱును గూర్చుండి యొకరికొకరు వడ్డించుకొనుచుండఁగా మనకుఁ గలుగునది కుతూహలము గాదు, శంక. ఏమి జరిగినదో యను ప్రశ్న లేదు. ఎప్పుడు తెలియునో, తెలిసిన నే మనసు ముక్కలగునో యను భయమే యున్నది.

మా యింట మా యప్పగా రీ కథలను జూచుచుందురు. హిందీ యంతగా రాదు. ముఖములు చూచి గ్రహింతురు. ఒకనాఁడు 'ఫెరిహా' కథ చూచుచు, "చెప్పేస్తే పోతుంది గదరా! చెప్పదేం?" అనిరి. పావుగంట గడచిన పిమ్మట నా పిల్ల చెప్పఁబోయి మానుకొనఁగా, "చెప్పలేదులే, పోనీ పాపం" అని నిట్టూర్చిరి. ఈ రెండు వాక్యములకు నడుమనే యీ కథల రసమంతయు నున్నదని నా నిశ్చయము. మొదటి వాక్యమున నౌత్సుక్యము, రెండవదానియందుఁ గరుణ. రహస్యము బయలుపడవలెనని కోరుచునే బయలుపడునేమో యని బెదరుట ప్రేక్షకుని స్థితి.

పాత్రయొక్క స్థితికిఁ బేరు భరతముని యేనాఁడో పెట్టెను. ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో 'అవహిత్థ' యొకటి. లజ్జాభయాదులచేఁ దన మనోవికారమును మఱుఁగుపఱచుట యవహిత్థ. మన నాటకములం దిది క్షణికముగా వచ్చిపోవును; నాయిక లీలాకమలమును ద్రిప్పుచుఁ దలవంచుకొనును, అంతే. తురుష్కకథ యీ సంచారిభావమును స్థాయివలె నేండ్లతరబడి నిలిపినది. ఆ కథలయందు మాటలులేని చూపులు దీర్ఘముగా నుండుటను బలువురు పరిహసింతురు. కాని యవహిత్థకు మాటలు శత్రువులు. దాఁచువాఁడు మాటాడఁడు, కన్నులు మాత్రము చెప్పివేయును.

ఇఁక రహస్యములన్నియు నొక్కతీరువి కావు. రహస్యమునకుఁ గారణమైన పనిని జేసినవాఁడు కర్త. దాని భారమును మోయువాఁడు భోక్త. ఈ యిరువురికిఁ గల దూరమునుబట్టి రహస్యము నాలుగు తెఱఁగులని తోఁచుచున్నది.

మొదటిది యాత్మగోపనము. 2011-2012లో నడచిన 'ఫెరిహా' యందు నాయిక యొక ధనికుల భవనమునకుఁ గాపరియగువాని కూఁతురు. ఆ భవనపు టడుగుభాగమున వసించుచు, విద్యార్థివేతనముతో ధనికుల విశ్వవిద్యాలయమునఁ జేరి, తానును ధనికురాలనే యని నమ్మించును. అసత్యమాడినదియుఁ దానే, యనుభవించునదియుఁ దానే. అయినను దాఁచినది పాపమును గాదు, తండ్రి చేయు నీతిమంతమైన కొలువును. ఆమెకు సిగ్గు గలుగఁజేసిన లోకమే నిజమైన దోషి.

రెండవది ప్రేమగోపనము. ఇది బిహ్తెర్ కథ. ఇందుఁ గర్త లిరువురు, భోక్త తుదకొక్కతెయే. రహస్యము బయలుపడఁగా నామె తుపాకితోఁ బ్రాణములు దీసికొనును, బెహ్లూల్ పాఱిపోవును. నవలాకారుఁ డీ వైషమ్యమును సమర్థింపలేదు, ఉన్నదున్నట్లు చూపెను. చూపుటలోనే తీర్పు గలదు.

మూఁడవది పితృగోపనము. 2017-2019 నడుమ వచ్చిన 'ఇస్తాంబుల్లు గెలిన్', అనఁగా ఇస్తాంబుల్‌కోడలు, బుర్సానగరమునందలి బోరాన్ వంశపుఁ గథ. మృతుఁడైన గృహపతికి వేఱొక స్త్రీయందుఁ బుట్టిన కుమారుఁడు పెద్దవాఁడై పగతో వచ్చును. కర్త సమాధియందున్నాఁడు; భోక్తలు నలుగురన్నదమ్ములును, వారి తల్లియు, నా పరాయివాఁడైన సోదరుఁడును. తండ్రి ఋణపత్రముపై వ్రాలు చేయకయే పుత్రులు వడ్డి కట్టుచున్నారు.

నాలుగవది యన్యాయగోపనము. 'ఫత్మాగుల్ చేసిన నేరమేమి?' యను ప్రశ్నయే శీర్షికగాఁ గల కథ వేదాత్ తుర్కాలి రచనను బట్టి 2010 మొదలు 2012 వఱకు నడచెను. బలాత్కారమునకు లోనైన పల్లెపడుచును, నేరస్థులలో నొకఁడుగా నెంచఁబడిన కెరీమ్‌కే పెండ్లిచేసి ధనికులు తమవారిని దప్పించుకొనఁజూతురు. సొమ్మునకాశించి వదినెయు నందులకుఁ దోడ్పడును. అట్టి వివాహముచే నేరస్థుఁడు శిక్ష తప్పించుకొను నవకాశము టర్కీయందు 2005లోఁ గ్రొత్త శిక్షాస్మృతి యమలగునంతవఱకు నుండెను. ఇందు నాయిక చేసినదేమియు లేదు. మోయవలసినది మాత్రమంతయు నామెయే. ఊరివారు కర్మణిప్రయోగమున మాటాడుదురు: పని జరిగినదందురు, కర్త యనుక్తము. ఆ యనుక్తకర్తను న్యాయస్థానమునఁ బేరుపెట్టి పలికించుటయే కథకు నిర్వహణసంధి.

కర్తకును భోక్తకును దూరము పెరిగినకొలఁది రహస్యము వింతను విడిచి కరుణమగుచుండుట పై నాలుగింటిలో స్పష్టము. కర్ణుని వృత్తాంత మెఱిఁగిన మనకిది క్రొత్తగాదు. కుంతి దాఁచినది; కర్ణుఁడు మోసినాఁడు. కర్ణుఁ డెవ్వని కొడుకో మనకు మొదటినుండియుఁ దెలిసియే కదా యుద్ధపర్వములయందుఁ గంటఁ దడి పెట్టుచున్నాము!

ఈ సందర్భమున నొక వ్యాకరణవిశేషము చెప్పక మానలేను. తురుష్కభాషయందు భూతకాలము రెండు విధములు. చూచినదానిని జెప్పునపుడు 'గెల్ది' యనియు, విని గాని గుర్తులనుబట్టి యూహించి గాని చెప్పునపుడు 'గెల్మిష్' అనియు నందురు. మనకు 'వచ్చెను', 'వచ్చెనఁట' యనునట్టి భేదమిది. పాణిని లిట్టును బరోక్షభూతమునకే విధించెను. తన విషయమున దనకుఁ బరోక్షత్వమెట్లని శంకించి, నిద్రామదాదులచేఁ జిత్తము విక్షిప్తమైనపు డుత్తమపురుషమునందును లిట్టు చెల్లునని మన వ్యాఖ్యాతలు సమాధానము చెప్పిరి. తురుష్కుఁడును మేలుకొని 'ఉయుముషుమ్' అనును; నేను నిద్రపోయితిని గాఁబోలునని యర్థము.

నిద్రకంటెను బరోక్షతరమైనది తన పుట్టుక. ఎవ్వఁడును దన జన్మమునకు సాక్షి గాఁడు. "నేను ఫలానిచోటఁ బుట్టితినఁట" యనియే యెంతటివాఁడైనను జెప్పవలయును. ఆ 'అఁట' కాధారము తల్లిదండ్రుల మాట. ఆ మాట యసత్యమైనచో మనుష్యుని మొదటివాక్యమే కూలును. కుటుంబరహస్యకథ దేశభాషాభేదము లేక యందఱను దాఁకుటకు మూలమిది. 'అఁట' యని నమ్మినది యొకనాఁడు ప్రత్యక్షమై యెదుట నిలుచుటయే యా కథ.

మన తెలుఁగువారికి మఱియొక సామీప్యము గలదు. ఆంగ్లమున మేనమామయుఁ బినతండ్రియు నొక్క పేరివారే. తురుష్కభాషయందు మేనమామ 'దాయి', తండ్రి సోదరుఁడు 'అమ్‌జా'; మేనత్త 'హాలా', తల్లి తోఁబుట్టువు 'తెయ్‌జె'. ఆఁడుబిడ్డకు 'గ్యోర్యుమ్‌జె', తోడికోడలికి 'ఎల్తి', తోడల్లునికి 'బజనక్' అని వేర్వేఱు పదములున్నవి. పేరున్న ప్రతి సంబంధమునకు నొక మర్యాదయు, నొక చాటుమాటయు నుండును. పదము లేనిచోటఁ గథయు లేదు.

గుణములు చెప్పితిని గాన దోషములును జెప్పవలయును. ఆ దేశమున వారమున కొక్క భాగము, తఱచుగా రెండుగంటలకు మించి యుండును. పరదేశములకుఁ బంపునపుడు దానిని ముక్కలు చేసి నడుపుదురు. ఇందుచే బయలుపడవలసిన రహస్యము ద్వారముకడకు వచ్చి పదిమాఱులు వెనుకకుఁ బోవును. మమ్మటాదులు రసదోషములలోఁ జెప్పిన పునఃపునర్దీప్తి యిదియే. నలిపిన పూవునందు వాసన యుండదు. చూచువారు తగ్గినచోఁ గథను హఠాత్తుగా ముగింతురు, ఇది యకాండచ్ఛేదము. 'ఫెరిహా' యందు నాయిక మరణించినట్లు చేసి 2012లో శేషమును నాయకుని పేర నడపఁజూచిరి, నిలువలేదు. రహస్యమును మోసినది పోయిన పిమ్మటఁ గథ కేమి మిగులును?

చివరకొక మాట. మా తండ్రిగారు నా చదువునకై పొలము తాకట్టుపెట్టి విడిపింపలేకపోయిరి. ఆ సంగతి పదునెనిమిదేండ్లు నాకుఁ దెలియదు. వారు గతించిన పిమ్మట దస్తావేజులలోఁ జూచితిని. అప్పగారికి మొదటినుండియుఁ దెలియునఁట. ఋణము చేసినవారు తండ్రి, ఫలము పొందినవాఁడను నేను, నోరుమూసికొని మోసినది యామె. ఫెరిహా చెప్పకుండుట చూచి "పోనీ పాపం" అనిన కంఠము నేనప్పు డానవాలు పట్టితిని.

ఈ కథలు గొప్ప కావ్యములని నేననను. కాని దాఁచుటయంతయు వంచన గాదనియు, దాఁచినవారి నిందఱిముందు దండించుటకంటె వారు మోసిన బరువును గుర్తించుట ముందుపని యనియు నివి బోధించుచున్నవి. ఆ బరువును జూపినంతవఱకు నివి రసవంతములు. దానిని మఱచి రహస్యమును సాగదీసినంతవఱకు నీరసములు. ఇది నా పరిశీలనమునకుఁ దోఁచిన నిర్ణయము. ఇందలి లోపముల విజ్ఞులు దాఁపక తెలుపుదురుగాక.