ఐడల్ ఓటమి – అభిమానుల తగవు

అమెరికాలో టెలివిజన్ అకాడమీ ఏటా ఇచ్చే ఎమ్మీ బహుమతుల్లో 2003లో ఒక కొత్త విభాగం చేరింది. పోటీ పద్ధతిలో నడిచే రియాలిటీ షోలకు అది. ఆ మొదటి సంవత్సరం నుంచి 2011 దాకా, వరసగా తొమ్మిదేళ్లు, 'అమెరికన్ ఐడల్' అనే పాటల పోటీ ఆ బహుమతి బరిలో నిలిచింది. తొమ్మిదేళ్లూ ఓడింది. ఎనిమిదిసార్లు 'ది అమేజింగ్ రేస్' చేతిలో, 2010లో ఒక్కసారి 'టాప్ షెఫ్' అనే వంటల పోటీ చేతిలో. విశేషమేమిటంటే, 2003-04 నుంచి 2010-11 దాకా ఎనిమిది సీజన్లు ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువమంది చూసిన కార్యక్రమం ఐడలే.

దేశమంతా చూసింది ఓడిపోవడమేమిటని ఐడల్ అభిమానులు. చూసినంతమాత్రాన గొప్పదవుతుందా అని రేస్ అభిమానులు. బహుమతుల వేళ వచ్చిందంటే ఈ తగవు మొదలయ్యేది. సాహిత్య విమర్శకు ఇందులో ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉంది. 'లక్షలమంది చదువుతుంటే కాదనడానికి మీరెవరు' అనే ప్రశ్న 1970లలో, 80లలో వారపత్రికల సీరియళ్ల విషయంలో మన విమర్శకు ఎదురైన ప్రశ్నే. దానికి సరైన జవాబు వచ్చిందని నేననుకోను. చాలామంది 'అది మార్కెట్ సరుకు' అని ఒక ముద్ర గుద్ది ఊరుకున్నారు. మరికొందరు జనం మెచ్చిందే ప్రజాసాహిత్యమని పొరబడి అటువైపు వెళ్లిపోయారు. ఈ రెండు ధోరణులూ మన సభల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి. అంచేత ఆ దూరదేశపు తగవును కాస్త ఓపికగా చూడటం మనకు అవసరం.

ముందు ఐడల్ పక్షం. వీళ్ల వాదనలో బలం లేదనలేం. 2002లో మొదటి పోటీ గెలిచిన కెల్లీ క్లార్క్‌సన్ అంతకుముందు బార్‌లో పానీయాలు అందించిన పిల్ల. 2004లో గెలిచిన ఫాంటాసియా బారినో చదువు మధ్యలో మానేసిన ఒంటరి తల్లి. సంగీత కంపెనీల గుమ్మం ఎక్కే దారి లేని గొంతులు ఒక్క రాత్రిలో దేశమంతటికీ వినిపించాయి. 'ఈ పని ఇంకెవరు చేశారు? మేం ఎన్నుకున్నాం, మా ఎన్నికను అకాడమీ పెద్దలు చులకన చేస్తున్నారు' అన్నది అభిమానుల ఆవేదన. అందులో వర్గపరమైన రోషం కూడా ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాడు ప్రజల గురించి మాట్లాడకపోవడమే మంచిది.

అయితే 'మేం ఎన్నుకున్నాం' అన్నచోట ఆగి చూడాలి. 2012లో తుది పోటీకి 13 కోట్ల 20 లక్షల ఓట్లు పడ్డాయని ప్రకటించారు. 2008 అధ్యక్ష ఎన్నికలో అమెరికన్లు వేసిన మొత్తం ఓట్లు దాదాపు 13 కోట్ల 10 లక్షలు. ఈ పోలికను ఐడల్ అభిమానులు గర్వంగా చెప్పుకున్నారు. కాని అధ్యక్ష ఎన్నికలో మనిషికి ఒక్క ఓటు. ఇక్కడ ఫోన్ చేతిలో ఉన్నవాడు ఎన్నిసార్లు నొక్కగలిగితే అన్ని ఓట్లు. అది మనుషుల లెక్క కాదు, నొక్కుళ్ల లెక్క. ఆ నొక్కుళ్లలో మెసేజీల రూపంలో వచ్చే వాటిని చాలాకాలం పాటు మోసిన ఫోన్ కంపెనీ, షోకు పెద్ద ప్రకటనదారూ ఒకటే: ఏటీ అండ్ టీ. 2009 తుది పోటీలో క్రిస్ అలెన్ గెలిచాక, ఆయన సొంత రాష్ట్రం అర్కాన్సాలో అభిమానులు జరిపిన విందులకు ఆ కంపెనీ మనుషులు వచ్చి ఉచితంగా ఫోన్లు ఇచ్చారనీ, ఒకే మీటతో పది మెసేజీలు పంపే కిటుకు నేర్పారనీ న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఫలితం మారలేదని ఫాక్స్ ఛానెల్ వాదించింది. మారిందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఓటరూ ఖాతాదారుడూ ఒకే మనిషిగా కలిసిపోయినచోట 'తీర్పు' అనే మాటకు అర్థం ఏమిటన్నదే ప్రశ్న.

మనవాళ్లకు ఈ అనుభవం లేకపోలేదు. ఆ అచ్చులోంచే వచ్చిన ఇండియన్ ఐడల్‌లో 2006లో కారుణ్య తుది పోటీలో ఓడినప్పుడు, 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు తెలుగు ఇళ్లలో ఎస్సెమ్మెస్సులు ఎలా పరుగెత్తాయో చూశాం. వాళ్లిద్దరూ పాడగలిగినవాళ్లే, అది వేరే మాట. కాని ఆ రోజుల్లో నాతో వాదించిన సహోపాధ్యాయుల్లో ఒక్కరూ స్వరం గురించి గాని, పాట ఎంపిక గురించి గాని ఎత్తలేదు. 'మనవాడు' అన్నారు, అంతే.

ఈ లెక్కకు మరో వైపు కూడా చెప్పాలి. ఫాంటాసియా గెలిచిన 2004 పోటీలోనే జెన్నిఫర్ హడ్సన్ అనే గాయని ఏడో స్థానంలో బయటికి వెళ్లిపోయింది. ఓట్లు చాలలేదు. 2007లో ఆమె 'డ్రీమ్‌గర్ల్స్' సినిమాలో నటనకు ఆస్కార్ అందుకుంది. ఓట్లు పాటను కొలవలేవని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఇక రేస్ పక్షం. ఇద్దరేసి మనుషుల జట్లు దేశదేశాలూ తిరుగుతూ, చోటుకో పని పూర్తిచేస్తూ, అందరికంటే ముందు గమ్యం చేరితే పది లక్షల డాలర్లు. దీని అభిమానులు చాలావరకు పనితనం గురించి మాట్లాడారు. ప్రతి జట్టు వెంటా ఒక కెమెరామన్, ఒక శబ్దగ్రాహకుడు సామాను మోస్తూ పరుగెత్తాలి. ఒకేసారి నాలుగైదు చోట్ల జరిగిన సంగతులను కూర్పులో ఒకే ఉత్కంఠగా అల్లాలి. ఐడల్ ఒక స్టూడియోలో కూర్చుని చేసే పని. బహుమతి ఇచ్చేది టెలివిజన్ వృత్తిలో ఉన్నవాళ్లు కనక, వాళ్లు పనిలోని కష్టం చూశారు. ఇదీ వాదన. అభిమానుల నోట వచ్చినా ఇది విమర్శే. వస్తువూ శిల్పమూ అంటూ మనం పాఠాలు చెబుతాం గాని, ఒక కథ ఎలా కూర్చబడిందో ఇంత శ్రద్ధగా విప్పి చూపిన సమీక్ష ఈ మధ్య మన పత్రికల్లో నేను అరుదుగా చదివాను.

నాటకపు పోటీలకు న్యాయనిర్ణేతలు ఎవరుండాలన్న చర్చ మనకు నాట్యశాస్త్రం నాటిది. సిద్ధులను వివరించే అధ్యాయంలో భరతుడు ప్రాశ్నికులను వరసగా చెబుతాడు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణవేత్త, రాజు, విలువిద్య తెలిసినవాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. ఎవరికి తెలిసిన పని గురించి వాళ్లు తీర్పు చెప్పాలి. రాజు కూడా ఆ పదిమందిలో ఒకడు. గెలిచినవాడికి పతాక. ప్రేక్షకుల నవ్వులు, మెచ్చుకోలు కేకలు మానుషీ సిద్ధి. రంగస్థలం నిండి ఉండి, చప్పుడన్నదే లేకపోతే అది దైవీ సిద్ధి. ఎవరి పని వాళ్లకు తెలుసు కనక వాళ్లనే అడగమన్న ఆ పద్ధతి ఎమ్మీ పద్ధతికి దగ్గర. భరతుణ్ణి నేను అభ్యుదయవాదిగా చేయబోవడం లేదు. కాని చప్పట్లను ఆయన కాదనలేదు, చప్పట్లతోనే ఆగనూ లేదు.

అంతమాత్రాన రేస్ అభిమానుల గెలుపును ఒప్పేసుకోలేం. వాళ్లు శిల్పాన్ని చూశారు, ఆ శిల్పం దేనికి పనిచేస్తోందో అడగలేదు. ఆ షో మన దేశానికి చాలాసార్లు వచ్చింది. 2011లో ప్రసారమైన సీజన్‌లో కలకత్తాకు, వారణాసికి వచ్చింది. వచ్చిన ప్రతిచోటా స్థానిక మనుషులు బతుకుదెరువు కోసం చేసే పనులు పోటీదారులకు అరగంట ఆటలవుతాయి. బరువు మోసేవాడు జీవితాంతం మోస్తాడు, ఆటగాడు మోసి, చెమట తుడుచుకుని, తర్వాతి చీటీ అందుకుని వెళ్లిపోతాడు. కెమెరా ఆటగాడి వెంట వెళుతుంది. మోసేవాడు వెనక దృశ్యంగా మిగులుతాడు. కూర్పు ఎంత బిగువుగా ఉంటే ఈ అన్యాయం అంత కనపడకుండా పోతుంది. శిల్పం నిరపాయకరం కాదని మన పెద్దలు ఎందుకన్నారో ఇక్కడ తెలుస్తుంది.

ఐడల్‌లోనూ ఇలాంటిదే ఉంది. జడ్జీల ముందుకు వెళ్లేలోపు పాడేవాళ్లను ముందుగా వడగడతారు. ఆ వడపోతలో బాగా పాడేవాళ్లతోపాటు బొత్తిగా పాడలేనివాళ్లను కూడా కోరి ముందుకు పంపేవారు. వాళ్లు అవమానపడటమే మొదటి వారాల వినోదం. పేద గొంతులకు వేదిక ఇచ్చామని చెప్పుకునే షో, ఆశపడి వచ్చిన పేద గొంతును ఎగతాళికి పెట్టింది కూడా.

అసలు విషయం ఇంకొకటి ఉంది, రెండు పక్షాలూ దాని జోలికి దాదాపు పోలేదు. వీటిని 'రాయని' కార్యక్రమాలంటారు. స్క్రిప్టు లేదు, జరిగింది జరిగినట్టు చూపుతున్నామంటారు. అబద్ధం. వందల గంటల దృశ్యాల్లోంచి ఎవరు నాయకుడు, ఎవరు ప్రతినాయకుడు, ఎక్కడ కన్నీరు, ఎక్కడ మలుపు అని ఎంచి కథ నిలబెట్టేవాళ్లున్నారు. వాళ్లకు స్టోరీ ప్రొడ్యూసర్లని, స్టోరీ ఎడిటర్లని పేర్లు. చేసేది రచయిత పని, రచయిత అన్న పేరు మాత్రం ఇవ్వరు. ఇస్తే రచయితల సంఘం కనీస వేతనాలు, ఆరోగ్య బీమా, పింఛను ఇవ్వాల్సి వస్తుంది. 2006లో 'అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్' షోలో ఈ పని చేసే పన్నెండుమంది, తమను రైటర్స్ గిల్డ్ కిందికి తీసుకోవాలని సమ్మెకు దిగారు. వాళ్లు లేకుండానే షో నడిపించారు. చివరికి వాళ్ల ఉద్యోగాలు పోయాయి.

మరుసటి సంవత్సరం నవంబరు 5న గిల్డ్ రచయితలంతా సమ్మె చేశారు. అది 2008 ఫిబ్రవరి 12 దాకా నడిచింది. నాటకాలు, హాస్య ధారావాహికలు ఆగిపోతుంటే ఛానెళ్లు ఆ ఖాళీని 'రాయని' షోలతో నింపాయి. సమ్మె మధ్యలో, జనవరిలో, ఐడల్ ఏడో సీజన్ యథావిధిగా మొదలై యథావిధిగా ప్రథమ స్థానంలో నిలిచింది. రచయిత లేడన్న అబద్ధం సమ్మెను విరిచే పనిముట్టు కూడా అయింది. రియాలిటీ షోల కథకులను సంఘంలో చేర్చాలన్నది గిల్డ్ కోరికల్లో ఒకటి. చర్చలు తిరిగి మొదలు కావడానికి ఆ జనవరిలోనే గిల్డ్ దాన్ని వదులుకుంది. ఏ పరిస్థితుల్లో వదులుకుందో అర్థం చేసుకోవచ్చు. కాని రచయితల సంఘంలో సభ్యుడిగా ఉన్న నాకు, ఈ మొత్తం కథలో ఐడల్ ఓటమి కంటే ఆ వదులుకోవడం పెద్ద ఓటమిగా కనిపిస్తుంది.

2008 సెప్టెంబరులో ఎమ్మీ సభను నడిపే పని ఐదుగురు రియాలిటీ షోల వ్యాఖ్యాతలకు అప్పగించారు. ఐడల్ వ్యాఖ్యాత రయన్ సీక్రెస్ట్ వాళ్లలో ఒకడు. తమ దగ్గర చెప్పడానికి ఏమీ లేదన్నదే వాళ్లు మొదట్లో చేసిన హాస్యం. అది ఎవరికీ నవ్వు తెప్పించలేదు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. అదే రాత్రి రేస్‌కు ఆరోసారి బహుమతి వచ్చింది, ఐడల్ ఆరోసారి ఓడింది. అభిమానులు మళ్లీ ఓట్ల లెక్కలు తీశారు.